నల్ల తెరకు మాటలు నేర్పినదాన్ని

నా ప్రోగ్రాములకు మర్యాద ఎక్కువని కాలేజీలో నాకు పేరు. నోటికి లేని మర్యాద ప్రోగ్రాములకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ అమ్మవారికే తెలియాలి. ఇంట్లో అమ్మతో, బస్సులో కండక్టరుతో, క్యాంటీన్‌లో చట్నీ గీసి గీసి వేసేవాడితో నేను మాట్లాడే తీరు చూసినవాళ్లెవరూ ఆ ప్రోగ్రాములు రాసింది నేనంటే నమ్మేవాళ్లు కాదు. కోపం వస్తే దాచుకోవడం నాకు చేతకాదు. అరిచేస్తాను, ఏడ్చేస్తాను, అరగంటకు మళ్లీ వెళ్లి అన్నం తిన్నావా అని అడుగుతాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఇంతే. ఒక్క విషయంలో మాత్రం నోరు మూసుకున్నాను. ఆ ఒక్కటే నన్ను ముంచింది.

మొదటి నుంచి చెప్తాను. జావాలో రాసిన ప్రోగ్రాం మనిషి దగ్గర నుంచి ఏదైనా తీసుకోవాలంటే దానికి స్కానర్ అని ఒకటి కావాలి. ఆ పేరుతో ఒక క్లాసు, అంటే ఒక అచ్చు లాంటిది, ముందే రాసిపెట్టి ఉంటుంది. దాన్నుంచి మనకంటూ ఒక ఆబ్జెక్టు తయారు చేసుకుని కీబోర్డు వైపు తిప్పి కూర్చోబెట్టాలి. మనం టైపు చేసి ఎంటర్ కొట్టగానే అది అందుకుని లోపలికి చేరవేస్తుంది. వినడానికి ఇంతే. కానీ ప్రోగ్రాం నడిపితే కనిపించేది ఏమిటి? ఒక నల్ల తెర, అందులో మినుకుమినుకుమనే ఒక చిన్న గీత. అది మన కోసం ఎదురుచూస్తోందని మనకు తెలియదు. మొదటి రోజు ల్యాబ్‌లో సగం మంది ప్రోగ్రాం చచ్చిపోయిందనుకుని మూసేశారు. నేనూ మూసేశాను.

"అది సావలేదమ్మా, నీ కోసం కాసుకోనుండాది" అన్నారు మా ల్యాబ్ మేడం. ఆవిడది చిత్తూరు. "ఏం గావాల్నో దాని నోటితో చెప్పించకుండా ఊరికే నిలబెడితే ఎదురుగా ఉండే మనిషికి ఎట్ల తెలుస్తాది? ముందు అడగండి, తర్వాత తీసుకోండి."

ఆ మాట మా కాలేజీలో శాసనం అయిపోయింది. ఏదైనా తీసుకునే ముందు, ఏం కావాలో ఒక వాక్యం తెర మీద ప్రింట్ చేయాలి. రికార్డులో ఆ వాక్యం లేకపోతే ఎర్ర సిరా సున్నా చుట్టేది. బయటి కాలేజీల నుంచి పరీక్షకు వచ్చే సార్లు కూడా మొదట దాన్నే చూసేవాళ్లు. మా తర్వాతి వాళ్లకు మేమూ అదే నేర్పాం.

నేను అందరికంటే ఒక ఆకు ఎక్కువే చదివాను. మా అమ్మ తిరుచానూరులో గుడి దగ్గర పూలమ్ముతుంది. బేరానికి వచ్చినవాళ్లు బుట్టలో చెయ్యి పెట్టకముందే "రాండమ్మా, మల్లెలా కనకాంబరాలా, ఎన్ని మూరలు ఇయ్యమంటారు, తల్లో పెట్టుకోడానికా అమ్మవారికా" అని అన్నీ తనే అడిగేస్తుంది. అడిగితే మనిషి నిలబడతాడని ఆమె నమ్మకం. ఆ గొంతు వింటూ పెరిగినదాన్ని కదా, నా ప్రోగ్రాములు కూడా అలాగే మాట్లాడేవి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేదాన్ని. "నమస్తే అండీ, మీ పేరు చెప్తారా?" "వయసు అడుగుతున్నానని ఏమనుకోకండి." వడ్డీ లెక్క కట్టే ప్రోగ్రాం కూడా ముందు క్షేమసమాచారాలు అడిగేది. మేడం నవ్వి, మార్కులు వేసి, పక్క బ్యాచ్‌ను పిలిచి చూపించేవారు.

నా పక్కన కూర్చునే పిల్ల మాత్రం తల పట్టుకునేది. ల్యాబ్‌లో ఇద్దరికి ఒక సిస్టం. ఆమెది వడమాలపేట. నాయన బేల్దారి మేస్త్రీ, అమ్మ సీజన్లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పోయేది. ఆదివారం చర్చికి పోయి, పాట పాడి, సోమవారం గొంతు బొంగురుపోయి వచ్చేది. సన్నగా ఉండేది, మెల్లగా మాట్లాడేది, బుర్ర మాత్రం చాకు. నేను పేజీ నిండా రాసి తికమక పడే లెక్కను ఆమె నాలుగు వరసల్లో తేల్చేసేది.

"ఏందిమే ఇది, ప్రోగ్రామా, పెండ్లిచూపులా?" అనేది నా వాక్యాలు చదివి.

"నీకేం తెలుసు, గమ్మునుండు" అనేదాన్ని.

మా మొదటి గొడవ కూడా స్కానర్ మీదే. ఒకే ప్రోగ్రాంలో ఆమె ఒక క్లాసు, నేనొక క్లాసు రాశాం. పట్టుదలకు పోయి చెరొక స్కానర్ పెట్టుకున్నాం. ఆమె తన పని అయిపోగానే శుభ్రత కోసం తన స్కానర్‌ను మూసేసింది. అలా ఒకరు మూస్తే కీబోర్డు నుంచి వచ్చే దారే అందరికీ మూసుకుపోతుందని మాకేం తెలుసు? నా వంతు రాగానే తెర నిండా ఎర్రటి అక్షరాలు. నాదేదో తప్పనుకుని ఆ మధ్యాహ్నమంతా తల కొట్టుకున్నాను. తెలిసాక ల్యాబ్ దద్దరిల్లేలా అరిచాను. ఆమె కళ్లలో నీళ్లు పెట్టుకుంది. బస్టాపులో మళ్లీ నేనే జామకాయ కొని సగం విరిచి చేతిలో పెట్టాను. ఆ రోజు మాకు ఒక ఒప్పందం కుదిరింది. తీసుకోవడం, చూపించడం నా పని. మధ్యలో ఆలోచించడం ఆమె పని. కాలేజీ అయిపోయేదాకా అలాగే నడిచింది. మా రికార్డులు చూస్తే ఒక మనిషి రాసినట్టే ఉండేవి. పేరు మాత్రం నాకు ఎక్కువ వచ్చేది, ఎందుకంటే తెర మీద కనిపించేది నా మాటలే కదా. అది అప్పట్లో నాకు తట్టలేదు.

మా ఇద్దరికీ ఒకటే ఆశ. పొద్దున మేము కాలేజీకి పోయే దారిలో శ్రీ సిటీ ఫ్యాక్టరీలకు పోయే కంపెనీ బస్సులు ఎదురయ్యేవి. అద్దాల వెనక మెడలో కార్డులు వేసుకున్న ఆడపిల్లలు, కొందరు నిద్రపోతూ, కొందరు జడలు వేసుకుంటూ. అక్కడ ఒక ఫ్యాక్టరీలో సాఫ్ట్‌వేర్ విభాగం ఉందని, మా కాలేజీ నుంచి ఏటా కొందరిని తీసుకుంటారని తెలిసినప్పటి నుంచి మాకు అదే మాట. మద్రాసు వద్దు, బెంగళూరు వద్దు. పొద్దున ఇంట్లో తిని పోవాలి, సాయంత్రం ఇంటికి రావాలి, ఇద్దరం ఒకే సీట్లో కూర్చోవాలి. బస్సు ముందు తిరుచానూరులో నన్ను ఎక్కించుకుని, రేణిగుంట దాటి వడమాలపేటలో ఆమెను ఎక్కించుకుంటుంది. కాబట్టి సీటు పట్టే పూచీ నాది.

"కిటికీ పక్క నాకు" అనేది.

"సీటు పట్టేది నేను, కిటికీ నీకా? ఏం న్యాయం మే ఇది?"

"నువ్వు మాట్లాడతానే ఉంటావు కదా, నీకు బయట సూసే తీరికేడుండాది?"

ఉద్యోగం ఇంకా రాలేదు, కిటికీకి మాత్రం రోజూ కొట్లాడుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, వెంటనే ఏడుపూ వస్తుంది.

ఆఖరి సంవత్సరం ఆ కంపెనీ వచ్చింది. పరీక్ష మా ల్యాబ్‌లోనే, ఎవరి సిస్టం వాళ్లది, ఎవరి ప్రోగ్రాం వాళ్లు మొత్తం రాయాలి. ఆమెకు భయం పట్టుకుంది. "నువ్వు ఎప్పుడూ రాసిస్తా ఉంటివి, నాకు ఇన్‌పుట్ తీసుకోడానికే చెయ్యి తిరగదు మే" అంది. క్యాంటీన్‌లో కూర్చోబెట్టి నేర్పాను. ముందు అడగాలి, తర్వాత తీసుకోవాలి, అంకె తీసుకున్నాక వాక్యం తీసుకోవాల్సి వస్తే మధ్యలో మిగిలిపోయే ఎంటర్‌ను ముందు మింగేయాలి, లేకపోతే వాక్యం ఖాళీగా వస్తుంది. అన్నీ చెప్పాను. నాకు తెలిసింది ఏదీ దాచలేదు. అంత తెలివి నాకు లేదు కూడా.

పరీక్ష రోజు పొద్దున ఆమె కాలేజీ గేటు దగ్గర నా కోసం నిలబడి ఉంది. తల దువ్వుకుని, చర్చికి పోయే పసుపు చుడీదార్ వేసుకుని వచ్చింది. నేను బ్యాచ్ వాళ్లతో నవ్వుతూ వెళ్లాను. మేడం కూడా మాతోనే ఉన్నారు. "ఈ పాపకు ఢోకా లేదు, ఖాయం" అని నా వీపు తట్టారు.

"ఏందిమే, పెండ్లికూతురు మాదిరి తల వంచుకోనుండావు?" అన్నాను ఆమెతో.

ఆమె నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. "ఏం లే. బాగా రాయి" అంది.

బాగా రాశాను. అన్ని లెక్కలూ వచ్చాయి. రాసింది నడిపి చూసుకోవచ్చు గానీ, సరైనదో కాదో అక్కడ చెప్పరు. నడిపి చూశాను. నల్ల తెర మీద నా వాక్యాలు చక్కగా వచ్చాయి. దయచేసి మొదటి అంకె ఇవ్వండి, దయచేసి రెండో అంకె ఇవ్వండి, ఇదిగో మీ జవాబు. పెద్ద కంపెనీ కదా అని ఈసారి ఇంగ్లీషులో ఇంకా మర్యాదగా రాశాను. చివర్లో ధన్యవాదాలు కూడా చెప్పించాను. పంపించేసి, మేడం వైపు చూసి నవ్వి బయటికి వచ్చాను.

సాయంత్రం సెమినార్ హాల్లో పేర్లు చదివారు. ఆమె పేరు ఉంది. నా పేరు లేదు. మళ్లీ చదవమని అడిగాను, అందరి ముందు, సిగ్గు లేకుండా. ప్లేస్‌మెంట్ సారు జాలిగా చూసి మళ్లీ చదివారు. లేదు.

ఏం జరిగిందో మేడమే కనుక్కుని వచ్చి చెప్పారు. అవతల మనిషి లేడు. మా ప్రోగ్రాంకు అంకెలు అందించేది ఆ ఏడాదే కొత్తగా పెట్టిన ఒక యంత్రం, వచ్చిన జవాబును అక్షరం అక్షరం పోల్చి చూసేది కూడా యంత్రమే. దానికి జవాబు ఒక్కటే కావాలి. నా దయచేసి, నా ధన్యవాదాలు అన్నీ జవాబులో కలిసిపోయాయి. ప్రతి లెక్కా సరైనదే, ప్రతి లెక్కకూ సున్నా. నాకే కాదు, ముందు అడగండి తర్వాత తీసుకోండి అని నేర్చుకున్న మా బ్యాచ్‌లో సగం మందికి అదే గతి పట్టింది. చెప్తూ చెప్తూ మేడం కుర్చీలో కూలబడిపోయారు. "నేను ఎప్పుడూ అట్లాంటి పరీక్ష రాయలేదమ్మా" అన్నారు. ఆవిడ మీద కోపం రావాల్సింది, రాలేదు.

వరండాలో నా స్నేహితురాలు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. వెళ్లి కౌగిలించుకున్నాను. సంతోషం నిజమే, కడుపులో మంట కూడా నిజమే. రెండూ కలిసి ఏడుపై వచ్చాయి.

"నీది ఎట్ల పనిచేసింది మే? నువ్వు ప్రింట్ పెట్టలేదా?" అని అడిగాను ముక్కు చీదుకుంటూ.

"తొందర్లో మర్సిపోయినా" అంది.

"మర్సిపోయి బతికినావు పో" అని నవ్వాను.

తర్వాతి నెలలు ఎలా గడిచాయో చెప్పాలంటే నాకు ఇప్పటికీ చిరాకు. అమ్మ పక్కన కూర్చుని పూలు కట్టాను. బీటెక్ చదివి పూలు కడుతున్నావా అని అడిగినవాళ్లకు, నీ తల్లో పెడుతున్నానా అని జవాబిచ్చాను. పొద్దున కంపెనీ బస్సు వచ్చే వేళకు బైపాస్ వైపు పోయేదాన్ని కాదు. ఆమె మాత్రం రోజూ ఫోన్ చేసేది. ఆఫీసులో ఏం జరిగిందో చెప్పేది, ఎవరెలా నడుస్తారో గొంతు మార్చి అభినయించేది. పక్కన సీటు ఖాళీగానే పెట్టుకుని కూర్చుంటున్నానని చెప్పేది. ఒక రోజు, మళ్లీ మనుషుల్ని తీసుకుంటున్నారు, నీ పేరు ఇచ్చాను అంది. ఆదివారం చర్చి మానుకుని మా ఇంటికి వచ్చి కూర్చుంది.

"ఈసారి ఏమీ ప్రింట్ చేయొద్దు. నోరు మూసుకోని తీసుకో, నోరు మూసుకోని జవాబియ్యి. నమస్తేలు గిమస్తేలు పెట్టినావంటే సంపేస్తా" అంది.

నమస్తేలు పెట్టలేదు. ఉద్యోగం వచ్చింది. అమ్మ ఆ రోజు బుట్టలో మిగిలిన పూలన్నీ అమ్మవారికే ఇచ్చేసింది. వడమాలపేట వెళ్లి నా స్నేహితురాలిని పట్టుకుని వాళ్ల వాకిట్లో ఏడ్చాను. "నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్ని మే" అన్నాను. నాకంటే ఎక్కువ ఆమె ఏడ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది. ఎంత ప్రేమో అనుకున్నాను.

చేరిన మొదటి వారంలోనే, క్యాంటీన్‌లో, మాకంటే ముందే అక్కడ చేరిన మా కాలేజీ సీనియర్ ఒకామె నా ఎదురుగా వచ్చి కూర్చుంది. అక్కా అని పిలిచేవాళ్లం. మాట్లాడుతూ మాట్లాడుతూ నవ్వింది.

"మీ బ్యాచ్ అంతా ఆ ప్రింట్ దెబ్బకే పోయినారంట కదా? నీ ఫ్రెండు తెలివైంది. పరీక్ష ముందురోజు సాయంత్రం నాకు ఫోన్ చేసి అడిగింది, ఆడ ఇన్‌పుట్ ఎట్ల తీసుకోవాలక్కా అని. ఏమీ ప్రింట్ చేయొద్దు, గమ్మున తీసుకో అని చెప్పినాను. నీ ఫ్రెండుకు గూడా సెప్పు అంటే, దానికే ఇదంతా శానా అలవాటు, నేను సెప్పేదేముండాదక్కా అని నవ్వింది. నీకు సెప్పలేదా?"

నా చేతిలో పెరుగన్నం ముద్ద ఉంది. అది నోట్లో పెట్టుకున్నాను, నమిలాను, మింగాను.

"సెప్పింది అక్కా. నేనే మర్సిపోయినా" అన్నాను.

ఆ అబద్ధం ఎందుకు ఆడానో నాకు తెలియదు. నా స్నేహితురాలిని ఎవరూ ఏమీ అనుకోకూడదనిపించింది. అంతలా వెనకేసుకొచ్చాను. బాత్రూముకు వెళ్లి కొళాయి తిప్పి ఏడ్చాను. గేటు దగ్గర ఆమె నోరు తెరిచి మూసుకోవడం గుర్తుకొచ్చింది. తొందర్లో మరచిపోయానన్న మాట గుర్తుకొచ్చింది. పూలు కట్టిన నెలలన్నీ గుర్తుకొచ్చాయి. వాళ్ల వాకిట్లో ఆమె ఏడ్చిన ఏడుపు ఎందుకో అప్పుడు అర్థమైంది.

సాయంత్రం బస్సులో అడిగేద్దామనుకున్నాను. ఎలా అడగాలో వరసగా పేర్చుకున్నాను. బస్సంతా వినేలా అడగాలి, జుట్టు పట్టుకోవాలి, వడమాలపేటలో దిగనివ్వకూడదు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది. చెప్పులు విడిచి కాళ్లు పైకి పెట్టుకుని, "ఈ పొద్దు సాంబారు సూసినావా మే, సేపలు పెంచొచ్చు దాంట్లో" అంది. నేను నవ్వాను. అడగలేదు.

ఎందుకు అడగలేదంటే, నాకు భయం వేసింది. జీవితంలో అరవడానికి భయపడ్డది ఆ ఒక్కసారే. అడిగితే ఆమె అవునంటుంది. అవునన్నాక ఏం చేయాలి? అడగనంతకాలం ఏదో కారణం ఉండే ఉంటుందని, ఫోన్ దొరకలేదనో, సమయం దాటిపోయిందనో నాకు నేను చెప్పుకోవచ్చు. ఇంకొకటి కూడా ఉంది. ఆమే చెప్పాలని నా పంతం. తప్పు ఆమెది కదా, నోరు ఆమే విప్పాలి. నేనెందుకు అడగాలి? ఏదో ఒక పొద్దు "మే, నీకొక మాట సెప్పాల" అంటుందని ఎదురుచూశాను.

చెప్పలేదు. మేము కలిసి తిరిగిన కాలమంతా అలాగే పోయింది. పొద్దున నేను ఎక్కి, పక్క సీట్లో బ్యాగు పెట్టి, వడమాలపేటలో ఆమె ఎక్కగానే బ్యాగు తీసి "కూసో మే" అనేదాన్ని. కిటికీ ఆమెకే ఇచ్చేదాన్ని. పుత్తూరు, నాగలాపురం, సత్యవేడు దాటేదాకా మేనేజరు గురించి, చుడీదార్ల గురించి, ఎవరి పెండ్లిలో ఏం పెట్టారో దాని గురించి మాట్లాడుకునేవాళ్లం. కోరుకున్నదంతా దొరికింది. కోరుకున్న బస్సే, కోరుకున్న సీటే. పక్కన కూర్చున్న మనిషి మాత్రం నాకు దొరకలేదు.

ఆమె నా మీద చూపిన శ్రద్ధ చూస్తే ఒళ్లు మండేది. వాళ్లమ్మ చేసిన మామిడి తాండ్ర డబ్బాలో పెట్టి తెచ్చేది. ఆఫీసులో నా ప్రోగ్రాం ఎక్కడైనా ఆగిపోతే తన పని వదిలేసి వచ్చి కూర్చునేది. నాకు జ్వరం వస్తే చర్చిలో నా పేరు చెప్పి ప్రార్థన చేయించింది. ఎంత నటన అనుకునేదాన్ని. నాకు తెలియదనుకుని ఎంత బాగా నటిస్తోంది అనుకునేదాన్ని. తాండ్ర తినేదాన్ని, బాగుందని చెప్పేదాన్ని, డబ్బా కడిగి తిరిగి ఇచ్చేదాన్ని. మా గొడవలు కూడా ఆగిపోయాయి. ఇద్దరం మర్యాదగా మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. అమ్మ ఒకసారి గమనించి అడిగింది.

"ఏం పాపా, మీరిద్దరూ ఈ మధ్య కొట్లాడుకోవడం లేదే? బాగనే ఉండారా?"

"బాగనే ఉండాం" అన్నాను.

ఆమెకు పెండ్లి కుదిరింది. వేలూరులో బడిపంతులు. ఉద్యోగం మానేసి అక్కడికే పోతోంది. ఆఖరి రోజు ఆఫీసులో కేకు కోశారు, గోడ గడియారం బహుమతి ఇచ్చారు. సాయంత్రం బస్సులో ఆ గడియారం అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. సత్యవేడు దాటింది, నాగలాపురం దాటింది. మాట్లాడుకోవడానికి చుడీదార్లూ సాంబారూ అన్నీ అయిపోయాయి. పుత్తూరులో కొందరు దిగిపోయారు. ఇంకొంచెం దూరంలో ఆమె దిగిపోతుంది, రేపటి నుంచి ఎక్కదు.

"ఆ పొద్దు పరీక్షకు ముందే నీకు తెలుసు కదా మే?" అన్నాను.

ఏ పరీక్ష అని ఆమె అడగలేదు. ఏం తెలుసు అని కూడా అడగలేదు.

"తెలుసు" అంది.

"ఎందుకు సెప్పలేదు?"

"సెప్పాలనే గేటు దగ్గర నిలబడినా. నువ్వు నవ్వతా వస్తా ఉండావు. అందరూ నీ పక్కనే ఉండారు. మేడం నీ వీపు తట్టి ఖాయం అనింది. నేనూ ఆడనే ఉండా, నా తట్టు సూడనన్నా లేదు. లెక్కలన్నీ నేనే కదా మే చేసింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నీకంటే ముందర ఉండాలనిపించింది. అంతే. ఇంగ వేరే కారణమేమీ లేదు."

"అంత పని చేసి, ఇన్నాళ్లు నా పక్కనే కూసోని, తాండ్ర తినిపిస్తా, ఎంత బాగా నటించినావు మే" అన్నాను. గొంతు పెద్దదైంది. ముందు సీటు వాళ్లు వెనక్కి తిరిగారు.

ఆమె తల ఎత్తి నా వైపు చూసింది. "నటించలేదు. నీకు తెలిసిపోయిందని నాకు తెలుసు. అక్క ఆ పొద్దే వచ్చి నాతో అనింది. నువ్వు సెప్పినావంట కదా, తనే మర్సిపోయిందంట కదా అని. నువ్వట్ల నన్ను కాపాడినావని తెలిసి సచ్చినంత పనైంది. ఆ మరుసటి పొద్దు భయపడతానే బస్సు కాడికి వచ్చినా. ఈ పొద్దు అడుగుతాది, తిడతాది, కొడతాది, కొట్టినాక జామకాయో ఏదో కొనిస్తాది అనుకుంటా ఎక్కినా. నువ్వు బ్యాగు తీసి, కూసో మే అన్నావు. రోజూ అట్లనే అనుకుంటా ఎక్కినా మే. రోజూ నువ్వు కూసో మే అనే అన్నావు."

"నువ్వే సెప్పొచ్చు కదా?"

"ఏ మొగం పెట్టుకోని సెప్పేది? నీకు తెలుసు. తెలిసి గూడా అడగడం లేదంటే ఇంగ నేను నీకు అక్కర్లేదనుకున్నా. నీకు నా మీద కోపం గూడా రాలేదే అని ఏడ్సినా. నీకు కోపం రాని మనిషంటూ ఎవరైనా ఉండారా మే?"

ఒక్క అరుపు. ఆ మొదటి సాయంత్రం ఒక్క అరుపు అరిచి ఉంటే, ఆ బస్సులోనే ఇద్దరం ఏడ్చేసి, మళ్లీ మామూలైపోయి ఉండేవాళ్లం. ఆమె ఒక్క మాట చెప్పి ఉన్నా అంతే. ఇద్దరికీ అన్నీ తెలిసి, ఇద్దరం ఎదుటివాళ్లే మొదలుపెట్టాలని భుజాలు తగులుతున్నంత దగ్గరగా కూర్చుని ఎదురుచూశాం.

వడమాలపేట వచ్చింది. స్టాపులో వాళ్ల నాయన బండి మీద కాచుకుని ఉన్నాడు. ఆమె లేచింది, అట్టపెట్టె చంకన పెట్టుకుంది.

"పెండ్లికి వస్తావా?" అంది.

"వస్తా" అన్నాను.

వెళ్లాను. అమ్మ కట్టిన పూలదండలు తీసుకుని వెళ్లాను. చర్చి నిండా జనం. తెల్ల చీరలో ఆమె ఎంత బాగుందో చెప్పలేను. ఫోటోకు పిలిస్తే వేదిక ఎక్కి పక్కన నిలబడ్డాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, పెండ్లికొడుకు వైపు తిరిగి నన్ను పరిచయం చేసింది.

"కాలేజీలో మేమిద్దరం ఫ్రెండ్సు" అంది.

ఆఫీసు గురించి చెప్పలేదు. రోజూ కలిసి తిరిగిన బస్సు గురించి చెప్పలేదు. ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అతను నాకు నమస్కారం పెట్టాడు.

"అవునన్నా" అన్నాను నవ్వుతూ. "కాలేజీలో."